మేనేజ్డ్ కుబెర్నెటీస్ క్లస్టర్‌కు భద్రతా తనిఖీ: నోడ్ నుంచి నివేదిక దాకా

విజయవాడ, గుంటూరుల్లోని చిన్న సాఫ్ట్‌వేర్ బృందాలు కూడా ఇప్పుడు తమ అప్లికేషన్లను క్లౌడ్‌లో కుబెర్నెటీస్ (కంటెయినర్లుగా కట్టిన ప్రోగ్రామ్‌లను చాలా యంత్రాల మీద కలిపి నడిపే వ్యవస్థ) క్లస్టర్ల మీద నడుపుతున్నాయి. ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు కంపెనీ బుకింగులు కావచ్చు, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్కలు కావచ్చు, వెనక అన్నీ చూసుకునేది ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లే. అలాంటి బృందానికి ఏదో ఒకరోజు క్లయింటు నుంచి మెయిల్ వస్తుంది: "మీ క్లస్టర్ సీఐఎస్ బెంచ్‌మార్క్ ప్రకారం ఉందా? రిపోర్టు పంపగలరు." సీఐఎస్ బెంచ్‌మార్క్ అంటే పాటించాల్సిన భద్రతా నియమాల జాబితా. అక్కడి నుంచి టెన్షన్ మొదలు. సెక్యూరిటీకి విడిగా మనిషి ఉండరు, ఆడిటర్‌ను పెట్టుకునేంత బడ్జెట్ ఉండదు. ఆ ఇద్దరు ముగ్గురి కోసమే ఈ మార్గదర్శి.

ఉదాహరణ అంతటా ఒకటే తీసుకుందాం. మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం రాసిన ఒక యాప్. అందులో రైతు పేరు, ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టారు, ఆ సరుకు మీద ఎంత లోన్ తీసుకున్నారు అన్నీ ఉంటాయి. ఈ వివరాలు బయటికి పొక్కితే నష్టపోయేది రైతు. అందుకే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. తనిఖీ చేసేటప్పుడు ఈ డేటా ఎవరిదో గుర్తుంటే ఏ లోపం పెద్దదో, ఏది చిన్నదో తేల్చుకోవడం తేలికవుతుంది.

క్లస్టర్ అమెజాన్ ఈకేఎస్ (అమెజాన్ ఇచ్చే మేనేజ్డ్ కుబెర్నెటీస్ సేవ) మీద ఉందనుకుందాం. గూగుల్ జీకేఈ, మైక్రోసాఫ్ట్ ఏకేఎస్ వాడేవాళ్లకూ పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఏది మనది, ఏది వాళ్లది

కుబెర్నెటీస్ క్లస్టర్‌లో రెండు భాగాలు. ఏపీఐ సర్వర్, ఈటీసీడీ డేటాబేస్, షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్ కలిపితే కంట్రోల్ ప్లేన్, క్లస్టర్‌ను నడిపించే మెదడు. మన కంటెయినర్లు నడిచే యంత్రాలు వర్కర్ నోడ్లు. మేనేజ్డ్ క్లస్టర్‌లో కంట్రోల్ ప్లేన్ క్లౌడ్ కంపెనీ చేతిలో ఉంటుంది. ఆ యంత్రాల్లోకి మనం లాగిన్ కాలేం, వాటి ఫైళ్లు చూడలేం.

ఇది కోల్డ్ స్టోరేజీ లాంటిదే. కంప్రెసర్లు, కరెంటు, చల్లదనం యజమాని పూచీ. లోపల ఏ సరుకు పెట్టామో, బాండ్ కాగితం ఎవరి చేతికి ఇచ్చామో మన పూచీ. ఎవరికి పడితే వాళ్లకి బాండ్ ఇచ్చేసి సరుకు పోయిందని యజమానిని అడిగితే ఆయనేం చేస్తాడు?

కాబట్టి ఈకేఎస్‌లో మన వంతుకు వచ్చేవి ఇవి: నోడ్ల మీద నడిచే కుబ్‌లెట్ (ప్రతి నోడ్‌లో కంటెయినర్లను నడిపించే ప్రోగ్రామ్) సెట్టింగులు, ఆ ఫైళ్ల అనుమతులు, క్లస్టర్‌లో ఎవరికి ఏ అధికారం ఉంది, పాడ్లకు (కలిసి నడిచే కంటెయినర్ల గుంపులకు) పెట్టిన హద్దులు, నెట్‌వర్క్ నియమాలు, సీక్రెట్లు (పాస్‌వర్డ్‌లు, తాళాలు దాచే చోటు), ఆడిట్ లాగ్స్, ఏపీఐ సర్వర్ చిరునామా ఎవరెవరికి అందుతోంది. ఈ జాబితాను తనిఖీకి ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో నివేదిక రాసేటప్పుడు "కంట్రోల్ ప్లేన్ ఎందుకు తనిఖీ చేయలేదు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు ఈ కాగితమే.

సరైన బెంచ్‌మార్క్ ఎంచుకోవడం

సీఐఎస్ అంటే సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ, లాభాపేక్ష లేని సంస్థ. సొంతంగా నిర్మించుకున్న కుబెర్నెటీస్‌కు ఒక బెంచ్‌మార్క్, ఈకేఎస్‌కు ఒకటి, జీకేఈకి ఒకటి, ఏకేఎస్‌కు ఒకటి విడివిడిగా ఇస్తుంది. మామూలు కుబెర్నెటీస్ బెంచ్‌మార్క్‌ను ఈకేఎస్ మీద నడిపితే కనపడని కంట్రోల్ ప్లేన్ గురించి కూడా లెక్క అడుగుతుంది. ఆ రిపోర్టు క్లయింటుకు పంపితే అనవసరమైన గాభరా తప్ప ఇంకేం మిగలదు.

ఈకేఎస్ బెంచ్‌మార్క్‌లో ఐదు విభాగాలు. మొదటిది కంట్రోల్ ప్లేన్, అది అమెజాన్ వంతు కాబట్టి మనం చూసేది ఏమీ ఉండదు. రెండోది లాగింగ్. మూడోది వర్కర్ నోడ్లు. నాలుగోది పాలసీలు. ఐదోది ఇమేజ్ రిజిస్ట్రీ (కంటెయినర్ ఇమేజ్‌లు దాచే చోటు), ఐఏఎం (క్లౌడ్‌లో ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే సేవ), ఎన్‌క్రిప్షన్, క్లస్టర్ నెట్‌వర్కింగ్ వంటి క్లౌడ్ సేవలు. ప్రతి నియమానికీ ఒక స్థాయి ఉంటుంది. మొదటి స్థాయివి అందరూ పాటించదగ్గవి, రెండోవి మరింత కట్టుదిట్టమైనవి, కొన్నిసార్లు యాప్ పనికి అడ్డం పడేవి కూడా. చిన్న బృందం మొదటి స్థాయి పూర్తి చేసుకుని, రెండో స్థాయిలో తమ డేటాకు అవసరమైనవి ఎంచుకుంటే చాలని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త: బెంచ్‌మార్క్ వెర్షన్ మారితే నియమాల నంబర్లు కూడా మారుతుంటాయి. అందుకని మీ రికార్డుల్లో నంబరుతో పాటు నియమం పేరు, బెంచ్‌మార్క్ వెర్షన్ కూడా రాయండి.

సాధనం: క్యూబ్-బెంచ్

దీనికి ఎక్కువగా వాడేది ఆక్వా సెక్యూరిటీ సంస్థ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన క్యూబ్-బెంచ్. గో భాషలో రాసింది, ఉచితం. నోడ్ మీదున్న ఫైళ్లను, నడుస్తున్న ప్రాసెస్‌లను చదివి, సీఐఎస్ నియమాలతో పోల్చి ఫలితం చెబుతుంది. ఏదీ మార్చదు, చదవడం వరకే.

నడిపే ముందు మూడు పనులు. క్లస్టర్ వెర్షన్, నోడ్ల జాబితా తీసి పెట్టుకోండి. క్యూబ్‌సీటీఎల్ (క్లస్టర్‌తో మాట్లాడే కమాండ్ సాధనం) గెట్ నోడ్స్ కమాండుకు వైడ్ అవుట్‌పుట్ జోడిస్తే ప్రతి నోడ్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉందో కూడా చూపిస్తుంది, అది తర్వాత చాలా పనికొస్తుంది. రెండోది, క్యూబ్-బెంచ్ ఇమేజ్ వాడేటప్పుడు లేటెస్ట్ అనే ట్యాగ్ కాకుండా ఫలానా వెర్షన్ అని నంబరు పెట్టండి. నోడ్ లోపలికంటా చూడగలిగే ప్రోగ్రామ్ అది. ఈరోజు ఒక వెర్షన్, రేపు ఇంకోటి రాకూడదు. మూడోది, దానికోసం విడిగా ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విడి గది లాంటిది) తెరవండి.

నేమ్‌స్పేస్ ఎందుకంటే, క్యూబ్-బెంచ్ పాడ్‌కు హోస్ట్ ప్రాసెస్‌లు కనపడాలి, హోస్ట్ ఫోల్డర్లు మౌంట్ కావాలి. మామూలు యాప్ పాడ్ ఇవి అడిగితే మనం ఒప్పుకోకూడదు. మీ నేమ్‌స్పేస్‌లకు పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్‌లో (ఏ పాడ్‌ను రానివ్వాలో చూసే కుబెర్నెటీస్ కాపలాలో) బేస్‌లైన్ గానీ రెస్ట్రిక్టెడ్ గానీ పెట్టి ఉంటే, ఈ పాడ్‌ను అది లోపలికి రానివ్వదు. అలా ఆపిందంటే మీ కాపలా సరిగ్గా పనిచేస్తున్నట్టే. తనిఖీ నేమ్‌స్పేస్ ఒక్కదానికి ప్రివిలేజ్డ్ స్థాయి ఇచ్చి, పని కాగానే ఆ నేమ్‌స్పేస్ మొత్తం తీసేయండి.

నడపడం

క్యూబ్-బెంచ్ రిపాజిటరీలోనే ఈకేఎస్ కోసం సిద్ధం చేసిన జాబ్ (ఒక్కసారి నడిచి ఆగే పని) యామల్ సెట్టింగుల ఫైల్ ఉంటుంది, జీకేఈ, ఏకేఎస్‌లకూ ఉన్నాయి. దాన్ని దించుకుని, ఒక్కసారి పూర్తిగా చదివి, అందులో రెండు మార్పులు చేయండి: ఇమేజ్ వెర్షన్, బెంచ్‌మార్క్ ఫ్లాగ్‌లో ఈకేఎస్ బెంచ్‌మార్క్ వెర్షన్. అది ఏ క్లౌడో తనంతట తాను కనిపెట్టడానికి ప్రయత్నిస్తుంది కానీ, ఆడిట్‌కు ఇచ్చే కాగితం మీద ఊహకు చోటుండకూడదు. మనమే చెప్పాలి. తర్వాత క్యూబ్‌సీటీఎల్ అప్లైతో జాబ్ ఎక్కించి, అది కంప్లీటెడ్ అయ్యాక పాడ్ లాగ్స్ తీస్తే అదే రిపోర్టు. రికార్డు కోసం జేసన్ ఫ్లాగ్ పెట్టి ఇంకో కాపీ తీసుకోండి. దానికి తేదీ, క్లస్టర్ పేరు, నోడ్ పేరు పెట్టి భద్రపరచండి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. జాబ్ అన్నది ఒకే ఒక్క నోడ్ మీద నడుస్తుంది. మీ క్లస్టర్‌లో పది నోడ్లుంటే తొమ్మిదింటి సంగతి ఆ రిపోర్టుకు తెలియదు. అన్నీ ఒకే నోడ్ గ్రూపులో, ఒకే ఇమేజ్ నుంచి వచ్చినవైతే ఒకటి చూస్తే మిగతావి దాదాపు చూసినట్టే. కానీ చాలా క్లస్టర్లలో అలా ఉండదు. డేటాబేస్ పనులకు ఒక గ్రూపు, తక్కువ ధర స్పాట్ యంత్రాలకు ఇంకో గ్రూపు, ఎప్పుడో ఏదో ప్రయోగానికి పెట్టి మర్చిపోయిన మూడో గ్రూపు ఉంటాయి. లోపం దొరికేది సాధారణంగా ఆ మూడోదాంట్లోనే. కాబట్టి నోడ్ సెలెక్టర్ పెట్టి గ్రూపుకు ఒక జాబ్ చొప్పున నడపండి, లేదా డెమన్‌సెట్‌గా (ప్రతి నోడ్ మీదా ఒక పాడ్ నడిపే పద్ధతి) పెట్టి అన్ని నోడ్ల ఫలితాలూ తీసుకోండి.

ఫార్‌గేట్ (నోడ్లను మనం చూసుకోనక్కర్లేని అమెజాన్ సేవ) మీద నడిచే పాడ్లకు ఈ పద్ధతి కుదరదు, అక్కడ హోస్ట్ ఫోల్డర్లు మౌంట్ చేయనివ్వరు. జీకేఈ ఆటోపైలట్‌లోనూ నోడ్ లోపలి ఫోల్డర్లు ఇలా అందవు. ఆ చోట్ల నోడ్ భద్రత క్లౌడ్ కంపెనీ వంతు అని నివేదికలో రాసుకుని, మూడో విభాగం వదిలేసి మిగతావి చూడండి.

ఫలితం చదవడం

ప్రతి నియమం పక్కన నాలుగింట్లో ఒక మాట ఉంటుంది: పాస్, ఫెయిల్, వార్న్, ఇన్ఫో. పాస్ సంగతి తెలిసిందే. ఫెయిల్ అంటే సెట్టింగ్ నియమానికి విరుద్ధంగా ఉంది, లేదా సాధనానికి అలా కనపడింది. వార్న్ అంటే ఆ నియమాన్ని యంత్రం తనంతట తేల్చలేదు, మనిషి చూడాలి. ఇన్ఫో సమాచారం కోసం మాత్రమే.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు రిపోర్టు చూసి అడిగాడు.

"అన్నా, ఫెయిల్స్ రెండే ఉన్నాయి. వార్నింగులు వదిలేయొచ్చుగా?"

"ఫెయిల్స్ అది చూసి చెప్పినవి తమ్ముడూ. వార్నింగులు మనం చూడాల్సినవి. అసలు పని వాటిల్లోనే ఉంది."

ఇదే ఈ మొత్తం వ్యవహారంలో కీలకం. మేనేజ్డ్ క్లస్టర్‌లో క్లౌడ్ కంపెనీ ఇచ్చిన అధికారిక నోడ్ ఇమేజ్ వాడుతుంటే మూడో విభాగం చాలావరకు పాస్ అయిపోతుంది, ఎందుకంటే ఆ సెట్టింగులు వాళ్లే పెట్టి ఇస్తారు. మనం చేసిన పొరపాట్లు ఉండేది నాలుగు, ఐదు విభాగాల్లో. అవి ఎక్కువగా వార్న్‌గానే వస్తాయి. వార్నింగులు పక్కన పెట్టి "95 శాతం పాస్" అని పంపిన రిపోర్టు రైతు ఆధార్ నంబరుకు ఏ రక్షణా ఇవ్వదు.

ఫెయిల్ నిజమేనా అని చూడటం

ఫెయిల్ కనపడగానే సరిదిద్దడానికి పరుగెత్తొద్దు. ముందు అది నిజమో కాదో తేల్చుకోండి. క్యూబ్-బెంచ్ కుబ్‌లెట్ కాన్ఫిగ్ ఫైల్‌ను తనకు తెలిసిన కొన్ని చోట్ల వెతుకుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ఆ చోటూ మారుతుంది. అమెజాన్ లైనక్స్ 2 నోడ్లలో ఒక పేరుతో ఉన్న ఫైల్, అమెజాన్ లైనక్స్ 2023 నోడ్లలో వేరే పేరుతో ఉంటుంది. పైగా 2023లో మనం ఇచ్చిన మార్పులు అసలు ఫైల్‌లో కాకుండా పక్కనున్న ఫోల్డర్‌లో విడి ఫైళ్లుగా పడతాయి. సాధనం అసలు ఫైల్ ఒక్కటే చదివితే మన మార్పు దానికి కనపడదు.

దీనికి మంచి మందు ఉంది. నడుస్తున్న కుబ్‌లెట్‌నే నేరుగా అడగొచ్చు. క్యూబ్‌సీటీఎల్ గెట్ కమాండుకు రా (raw) ఆప్షన్ పెట్టి, ఏపీఐ సర్వర్ ద్వారా ఆ నోడ్ ప్రాక్సీలో కాన్ఫిగ్-జెడ్ అనే చిరునామా తెరిస్తే, కుబ్‌లెట్ ఆ క్షణంలో ఏ సెట్టింగులతో నడుస్తోందో మొత్తం జేసన్‌లో వస్తుంది. ఫైల్‌లో ఏముందన్న వాదన అక్కడితో తీరిపోతుంది. అందులో మొదట చూడాల్సినవి: అనానిమస్ ప్రవేశం ఫాల్స్‌గా ఉందా, ఆథరైజేషన్ మోడ్ వెబ్‌హుక్‌గా ఉందా. అనానిమస్ ట్రూ ఉండి, మోడ్ ఆల్వేస్ అలో అయి ఉంటే, ఆ నోడ్‌లో 10250 పోర్టును చేరగలిగిన ఎవరైనా మీ కంటెయినర్ లోపల కమాండ్లు నడపగలరు. అన్ని ఫెయిల్స్‌లోకీ అత్యవసరమైనది అదే, ఆ రోజే సరిచేయాలి.

తర్వాత 10255, చదవడానికి మాత్రమే ఇచ్చే పోర్టు. ఏ గుర్తింపూ అడగకుండా ఆ నోడ్ మీదున్న పాడ్ల వివరాలన్నీ చెప్పేస్తుంది. సున్నా పెట్టి మూసేయాలి. జీకేఈలో ఇది చాలాకాలం తెరిచే ఉండేది, కాబట్టి పాత జీకేఈ క్లస్టర్ ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోండి. ఏ మానిటరింగ్ ఏజెంటైనా ఇంకా ఆ పోర్టు మీద ఆధారపడి ఉందేమో చూశాకే మూయండి.

అన్ని ఫెయిల్స్‌కూ ఇంత బరువు ఉండదు. ఈవెంట్ రికార్డ్ క్యూపీఎస్ అనే నియమం తీసుకోండి. నోడ్ సెకనుకు ఎన్ని ఈవెంట్లు నమోదు చేయొచ్చో చెప్పే సంఖ్య అది. సున్నా పెడితే ఫలితం పచ్చగా మారిపోవచ్చు. కానీ సున్నా అంటే హద్దు లేదని అర్థం. ఒక పాడ్ పడిపోతూ లేస్తూ ఉంటే ఈవెంట్ల వరద ఏపీఐ సర్వర్ మీద పడుతుంది. ఇలాంటి చోట రంగు కోసం మార్చకుండా, ఎంత పెట్టామో, ఎందుకు పెట్టామో రాసిపెట్టడమే సరైన పని.

సరిదిద్దే చోటు

నోడ్‌లోకి లాగిన్ అయి ఫైల్ మార్చి, కుబ్‌లెట్ రీస్టార్ట్ చేస్తే ఫెయిల్ పాస్ అవుతుంది. ఆ రాత్రి లోడ్ తగ్గి ఆటోస్కేలర్ ఆ నోడ్‌ను తీసేస్తుంది. పొద్దున్నే లోడ్ పెరిగి కొత్త నోడ్ వస్తుంది, పాత లోపంతో సహా. అందుకే మార్పు నోడ్ పుట్టే చోట చేయాలి: లాంచ్ టెంప్లేట్‌లో, యూజర్ డేటాలో, అమెజాన్ లైనక్స్ 2023 అయితే నోడ్-కాన్ఫిగ్ యామల్‌లోని కుబ్‌లెట్ భాగంలో. టెర్రాఫామ్ (క్లౌడ్ సెటప్‌ను కోడ్‌గా రాసే సాధనం) వాడుతుంటే అందులో రాయండి. తర్వాత నోడ్ గ్రూపును రోలింగ్ పద్ధతిలో మార్చితే కొత్త నోడ్లు ఒక్కొక్కటిగా వచ్చి పాతవి ఖాళీ అవుతాయి.

దీనికి ముందు పాడ్ డిస్‌రప్షన్ బడ్జెట్లు (ఒక సర్వీసు కాపీలు కనీసం ఎన్ని నడుస్తూ ఉండాలో చెప్పే నియమాలు) చూసుకోండి. ఒకే కాపీ నడిచే సర్వీసుకు "కనీసం ఒకటి ఎప్పుడూ ఉండాలి" అని పెట్టి ఉంటే నోడ్ ఖాళీ అవడం అక్కడే ఆగిపోతుంది. సమయమూ ముఖ్యమే. మిర్చి సీజన్‌లో, కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లారీలు వరసకట్టి ఉన్న రోజుల్లో నోడ్లు మార్చే పని పెట్టుకోవద్దు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అంతకాలం ఆగలేని లోపమైతే వేరే సంగతి. అప్పుడు క్లయింటుకు చెప్పి రాత్రి పూట చేయండి.

వార్నింగులు: మనిషి చూడాల్సిన భాగం

అధికారాలతో మొదలుపెట్టండి. క్లస్టర్ రోల్ బైండింగ్స్ (ఎవరికి ఏ అధికారం ఇచ్చామో చెప్పే రికార్డులు) అన్నీ వైడ్ అవుట్‌పుట్‌లో తీసి, క్లస్టర్-అడ్మిన్ ఎవరెవరికి ఉందో ఒక్కో వరుస చదవండి. సిస్టమ్‌కు చెందినవి పోను మిగిలిన ప్రతి పేరు పక్కనా "ఇది ఎవరు, ఎందుకు?" అని రాయండి. ఎక్కువగా కనపడేది డిప్లాయ్‌మెంట్ సాధనపు సర్వీస్ అకౌంట్ (మనుషులకు కాక ప్రోగ్రామ్‌లకు ఇచ్చే ఖాతా). డిప్లాయ్ కావడం లేదని ఎవరో ఒక రాత్రి పూర్తి అధికారం ఇచ్చేసి ఉంటారు. అది అలాగే ఉండిపోతుంది. దానికి నిజంగా ఏం కావాలి? యాప్ నేమ్‌స్పేస్‌లో డిప్లాయ్‌మెంట్లు, సర్వీసులు, కాన్ఫిగ్ మ్యాపులు మార్చగలిగితే చాలు.

ఒక్కో సర్వీస్ అకౌంట్‌కు అసలు ఏమేం చేతనవుతుందో చూడటానికి క్యూబ్‌సీటీఎల్ ఆథ్ క్యాన్-ఐ కమాండుకు లిస్ట్ ఆప్షన్ పెట్టి, ఆజ్ (as) ఆప్షన్‌లో ఆ అకౌంట్ పూర్తి పేరు ఇవ్వండి. వచ్చిన పట్టికలో నక్షత్రం గుర్తు ఎక్కడున్నా ఆగి చూడాలి. సీక్రెట్ల మీద గెట్, లిస్ట్ ఉన్నాయా చూడాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఒక నేమ్‌స్పేస్‌లో పాడ్ సృష్టించే అధికారం ఉన్నవాడికి ఆ నేమ్‌స్పేస్‌లోని సీక్రెట్లన్నీ అందినట్టే. సీక్రెట్‌ను మౌంట్ చేసే పాడ్ ఒకటి రాసుకుంటే సరిపోతుంది కదా. కాబట్టి "సీక్రెట్లు చదివే అధికారం ఇవ్వలేదు" అన్న ఒక్క మాటతో తృప్తి పడకండి.

ఏపీఐతో పనిలేని యాప్ పాడ్లకు సర్వీస్ అకౌంట్ టోకెన్ తనంతట తాను మౌంట్ కావడం ఆపేయండి. మన మిర్చి యాప్‌లో రసీదు ప్రింట్ చేసే సర్వీసుకు కుబెర్నెటీస్ ఏపీఐతో పనేముంది?

తర్వాత పాడ్ల హద్దులు. పాత పాడ్ సెక్యూరిటీ పాలసీలను కుబెర్నెటీస్ 1.25లో తీసేశారు, వాటి స్థానంలో పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్ స్థిరపడింది. నేమ్‌స్పేస్‌కు ఒక లేబుల్ తగిలిస్తే చాలు. ప్రివిలేజ్డ్, బేస్‌లైన్, రెస్ట్రిక్టెడ్ అని మూడు స్థాయిలు. ఎన్‌ఫోర్స్, ఆడిట్, వార్న్ అని మూడు రీతులు. నేరుగా ఎన్‌ఫోర్స్ పెట్టొద్దు. ముందు వార్న్, ఆడిట్ రీతుల్లో రెస్ట్రిక్టెడ్ పెట్టి, కొన్నాళ్లు మామూలుగా డిప్లాయ్ చేస్తూ ఏ పాడ్లు గొణుగుతున్నాయో చూడండి. రూట్ యూజర్‌గా నడిచే పాత ఇమేజ్‌లే ఎక్కువగా బయటపడతాయి. వాటి డాకర్‌ఫైళ్లు సరిచేశాక ఎన్‌ఫోర్స్‌కు మారండి.

నెట్‌వర్క్ పాలసీల దగ్గర పెద్ద మాయ ఒకటి ఉంది. నెట్‌వర్క్ పాలసీ యామల్ రాసి అప్లై చేస్తే కుబెర్నెటీస్ మారుమాటాడకుండా తీసుకుంటుంది, జాబితాలో చూపిస్తుంది. కానీ దాన్ని అమలు చేసే ప్లగిన్ లేకపోతే ఒక్క ప్యాకెట్టు కూడా ఆగదు. ఈకేఎస్‌లో పాడ్లకు నెట్‌వర్క్ ఇచ్చే అమెజాన్ వీపీసీ సీఎన్ఐ ప్లగిన్‌కు ఈ సామర్థ్యం 2023లో 1.14 వెర్షన్‌తో వచ్చింది, అదీ మనం ఆన్ చేసుకుంటేనే. కాలికో, సిలియం లాంటివి వాడేవాళ్లు వాటితో చేస్తారు. అందుకని పాలసీ ఉందా అని చూసి ఊరుకోకుండా, పరీక్ష చేయండి. వేరే నేమ్‌స్పేస్‌లో చిన్న పాడ్ ఒకటి లేపి, అందులోంచి డేటాబేస్ సర్వీస్ పోర్టుకు కనెక్ట్ అవడానికి ప్రయత్నించండి. కనెక్షన్ టైమ్ అవుట్ కావాలి. కనెక్ట్ అయిందంటే ఆ పాలసీ కాగితం మీదే ఉంది. ఈ పరీక్ష ఫలితాన్ని స్క్రీన్‌షాట్‌తో నివేదికలో పెడితే ఏ ఆడిటరూ రెండో ప్రశ్న అడగరు.

క్లస్టర్ బయటి గోడలు

ఈకేఎస్ ఏపీఐ సర్వర్ చిరునామా డిఫాల్ట్‌గా ఇంటర్నెట్ అంతటికీ తెరిచి ఉంటుంది. లోపలికి రావాలంటే గుర్తింపు కావాలి, నిజమే. కానీ టోకెన్ ఒకటి జారిపోయిన రోజున ప్రపంచంలో ఎక్కడి నుంచైనా వాడొచ్చు. ప్రైవేట్ ప్రవేశం ఆన్ చేసి, పబ్లిక్ ప్రవేశాన్ని ఆఫీసు స్టాటిక్ ఐపీకి, వీపీఎన్‌కు పరిమితం చేయండి. మీ కనెక్షన్‌కు స్టాటిక్ ఐపీ లేకపోతే ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లను అడిగి తీసుకోండి.

నోడ్ మెటాడేటా సేవ ఇంకోటి. 169.254.169.254 అనే చిరునామాను పాడ్ లోపలి నుంచి అడిగితే నోడ్ ఐఏఎం రోల్ తాళాలు చేతికొస్తాయి. ఈ సేవనే ఐఎండీఎస్ అంటారు. దాని రెండో వెర్షన్ తప్పనిసరి చేసి, హాప్ లిమిట్ (జవాబు ఎన్ని నెట్‌వర్క్ అంచెలు దాటొచ్చో చెప్పే సంఖ్య) ఒకటి పెట్టండి. హోస్ట్ నెట్‌వర్క్ వాడే పాడ్లకు ఇది అడ్డుపడదని గుర్తుంచుకోండి. దీనికి ముందు, అమెజాన్ సేవలు వాడే పాడ్లన్నింటికీ పాడ్ ఐడెంటిటీ గానీ సర్వీస్ అకౌంట్ రోల్ గానీ ఇచ్చి ఉండాలి. లేకపోతే ఫైళ్లు ఎస్3లోకి (అమెజాన్ ఫైల్ నిల్వ సేవ) ఎక్కడం ఆగిపోతుంది. 2018లో టెస్లా కంపెనీ కుబెర్నెటీస్ కన్సోల్‌కు పాస్‌వర్డ్ లేకపోవడంతో లోపలికి వచ్చినవాళ్లు క్రిప్టో కరెన్సీ మైనింగ్ నడిపారు. ఒక పాడ్‌లో అమెజాన్ తాళాలూ వాళ్లకు దొరికాయి. దారి వేరైనా, దొంగకు కావాల్సింది ఎప్పుడూ ఆ తాళాలే.

ఆడిట్ లాగ్స్. ఈకేఎస్‌లో కంట్రోల్ ప్లేన్ లాగ్స్ ఐదు రకాలు: ఏపీఐ, ఆడిట్, ఆథెంటికేటర్, కంట్రోలర్ మేనేజర్, షెడ్యూలర్. మనం ఆన్ చేసేదాకా ఏవీ రాసుకోవు. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే ఆడిట్, ఆథెంటికేటర్ రెండూ మాత్రం తప్పనిసరిగా పెట్టండి. ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పేవి అవే. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లోగా వాళ్లకు తెలియజేయాలి. ఈ లాగ్స్ చేరే అమెజాన్ క్లౌడ్‌వాచ్ లాగ్ గ్రూపుకు గడువు పెట్టకపోతే లాగ్స్ ఎప్పటికీ పేరుకుపోతూనే ఉంటాయి, బిల్లూ అంతే. 180 రోజులకు తగ్గకుండా గడువు పెట్టి, అంతకన్నా పాతవి కావాలనుకుంటే ఎస్3లోకి పంపండి. ముంబయి, హైదరాబాద్ రెండు చోట్లా అమెజాన్ రీజియన్లు ఉన్నాయి కాబట్టి లాగ్స్ దేశం దాటించాల్సిన అవసరం లేదు.

సీక్రెట్ల ఎన్‌క్రిప్షన్‌కు మీ సొంత కేఎంఎస్ (అమెజాన్ ఎన్‌క్రిప్షన్ తాళాల సేవ) తాళం జోడించొచ్చు. ఒకసారి జోడించాక వెనక్కి తీయడం కుదరదు, ఆ తాళాన్ని ఎవరైనా డిలీట్ చేస్తే క్లస్టర్ పోయినట్టే. కాబట్టి తాళం డిలీట్ చేసే అధికారం ఎవరికుందో ముందు చూడండి. ఇమేజ్ స్కానింగ్‌కు రిజిస్ట్రీలో స్కాన్ ఆన్ పుష్ పెట్టండి, లేదా ట్రివీ అనే ఓపెన్ సోర్స్ స్కానర్‌ను బిల్డ్‌లో చేర్చండి.

నివేదిక, మినహాయింపుల పట్టిక

క్లయింటుకు పంపే నివేదికలో నాలుగు భాగాలు చాలు. ఏం తనిఖీ చేశాం: క్లస్టర్, నోడ్ గ్రూపులు, బెంచ్‌మార్క్ వెర్షన్, సాధనం వెర్షన్, తేదీ. ఏది మన పరిధిలో లేదు, ఎందుకు. ఏం దొరికింది, ఏం సరిచేశాం, ఆధారం ఏది. ఏది ఇంకా మిగిలింది.

ఈ చివరిదే మినహాయింపుల పట్టిక. ప్రతి వరుసలో నియమం పేరు, పాటించకపోవడానికి కారణం, బదులుగా పెట్టిన రక్షణ, బాధ్యుడి పేరు, మళ్లీ చూడాల్సిన తేదీ. "మానిటరింగ్ ఏజెంటుకు హోస్ట్ ఫోల్డర్ కావాలి, చదివే అనుమతి మాత్రమే ఇచ్చాం, ఇమేజ్ వెర్షన్ కదలకుండా పెట్టాం" అని సూటిగా రాస్తే చదివేవాళ్లకు నమ్మకం కలుగుతుంది. తేదీ లేని మినహాయింపును ఒప్పుకోవద్దు. అన్నీ పాస్ అని చూపించే రిపోర్టు కంటే, ఇవి మిగిలాయి, ఫలానా తేదీకి చేస్తాం అని చెప్పే రిపోర్టునే నేను ఎక్కువ నమ్ముతాను. ఆడిటర్లు కూడా అలాగే చూస్తారు. రిపోర్టులో నోడ్ పేర్లు, ఐపీలు, అకౌంట్ నంబర్లు ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గడువున్న లింకుతో, అవసరమైన మనిషికి మాత్రమే పంపండి.

మళ్లీ ఎప్పుడు నడపాలి

నెలకోసారి క్రాన్‌జాబ్‌గా (నిర్ణీత సమయానికి తనంతట నడిచే జాబ్) నడిపి, జేసన్ ఫలితాన్ని కిందటి నెలతో పోల్చండి. మొత్తం రిపోర్టు ప్రతిసారీ చదవక్కర్లేదు, మారిన వరుసలు చూస్తే చాలు. అమెజాన్ సెక్యూరిటీ హబ్ వాడేవాళ్లు క్యూబ్-బెంచ్ ఫలితాలను ఏఎస్ఎఫ్ఎఫ్ (సెక్యూరిటీ హబ్ చదివే ఫార్మాట్) ఫ్లాగ్‌తో నేరుగా అక్కడికి పంపొచ్చు. ఇలా నెలనెలా నడిపే జాబ్ ఉంటే ప్రివిలేజ్డ్ నేమ్‌స్పేస్ శాశ్వతంగా ఉండిపోతుంది. అప్పుడు ఆ నేమ్‌స్పేస్‌లో పాడ్లు సృష్టించే అధికారం ఆ క్రాన్‌జాబ్‌కు, ఒకరిద్దరు అడ్మిన్లకు తప్ప ఇంకెవరికీ లేకుండా చూసి, ఆ మినహాయింపును కూడా పట్టికలో రాయండి.

నెలవారీ కాక వెంటనే నడపాల్సిన సందర్భాలు మూడు: క్లస్టర్ వెర్షన్ పెంచినప్పుడు, కొత్త నోడ్ గ్రూపు చేర్చినప్పుడు, నోడ్ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినప్పుడు. వెర్షన్ పెంచిన రోజున మీరు నడుపుతున్న క్యూబ్-బెంచ్ ఆ వెర్షన్‌కు సరిపడే బెంచ్‌మార్క్‌ను గుర్తిస్తుందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే సాధనం వెర్షన్ పెంచి, పాత ఫలితాన్నీ కొత్త ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి, ఏ నియమం నంబరు మారిందో, ఏది కొత్తగా వచ్చిందో గుర్తించి, పట్టికలోని వరుసలను కొత్త పేర్లకు మార్చండి.